పాలకొల్లు వైపు ఇల్లు కొందామనుకుంటున్న వారికి

డాలస్ నుంచి అడిగినవారికి నమస్కారమండి.

అమ్మగారిని తీసుకుని వచ్చేసి పాలకొల్లులోనో తణుకులోనో భీమవరంలోనో ఇల్లు కొనుక్కుని ఉండిపోవాలని రాశారు. మీ పోస్టు కింద ఇప్పటికే చాలామంది రేట్ల గురించి, బ్రోకర్ల గురించి చెప్పారు కాబట్టి వాటి జోలికి నేను పోను. నేనూ అమెరికా నుంచి వచ్చేసి ఈ చుట్టుపక్కలే ఉంటున్నాను. నేను చెప్పేది ఒకటే, సంక్రాంతికి వచ్చి ఇల్లు చూడకండి. ఆ నాలుగు రోజులూ ఏ ఊరు చూసినా కళకళలాడుతుంది. కోడిపందాలకు హైదరాబాద్ కార్లన్నీ ఇక్కడే ఉంటాయి. ఫారిన్ వాళ్లు దిగారని అమ్మేవాళ్లు కూడా రేటు పెంచి కూర్చుంటారు. రావాల్సింది మే నెలలో, కాలువలు కట్టేశాక. కుదిరితే అక్టోబరులోనో నవంబరులోనో వాయుగుండం పట్టినప్పుడు ఇంకోసారి.

హైదరాబాద్‌లో పెరిగానన్నారు, కాబట్టి కాలువలు కట్టేయడమంటే ఏమిటో చెబుతాను. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి ఈ ఊళ్లకు తాగడానికైనా, పొలానికైనా ఆ కాలువల నీళ్లే ఆధారం. దాళ్వా (రబీ) పంట అయ్యాక మరమ్మతులకని ఏటా కాలువలు కట్టేస్తారు, మళ్లీ సార్వాకి (ఖరీఫ్‌కి) జూన్‌లో వదులుతారు. ఈలోగా మున్సిపాలిటీ వాళ్లు ముందే చెరువుల్లో నింపి పెట్టుకున్న నీళ్లే కుళాయిల్లో వస్తాయి. మీరు చూసే వీధికి రోజుకు ఎంతసేపు వదులుతున్నారు, చివరి ఇళ్లకు అందుతున్నాయా, ఏ రంగులో వస్తున్నాయి అన్నవి ఆ నెలలోనే తెలుస్తాయి.

"బోరుందండి, నీళ్లకేం లోటు" అంటారు. బోరు ఉంటుంది, కాదనను. కానీ సముద్రం వైపు వెళ్లేకొద్దీ భూమిలో నీళ్లు ఉప్పన, చుట్టూ రొయ్యల చెరువులుంటే మరీను. గ్లాసుతో పట్టించి నోట్లో పోసుకుని చూడండి, మొహమాటపడకండి. తాగడానికి ఎలాగూ అందరం ఇరవై లీటర్ల టిన్నులే తెప్పించుకుంటాం, అసలు బెంగ ఇంటి గురించి. ఉప్పు నీళ్లతో కాంక్రీటు కలిపితే లోపల ఇనుము తుప్పు పట్టి శ్లాబు పెచ్చులూడుతుంది. కట్టేటప్పుడు ఏ నీళ్లు వాడారని ఓనర్ని కాదు, కట్టిన తాపీ మేస్త్రిని వెతికి పట్టుకుని అడగండి. అమ్మకానికి పెట్టే ముందు కొత్తగా రంగులేసిన ఇల్లంటే నాకు అనుమానమే. మెట్ల కింద, బీరువా వెనక, మోకాలెత్తులో గోడ తడిమి చూడండి. ఉప్పు ఊరి సున్నం పొడిపొడిగా రాలుతుంటే ఆ రంగు ఎందుకేశారో అర్థమైపోతుంది.

వానల్లో చూడమన్నది ఎందుకంటే, ఇక్కడ నేలంతా బల్లపరుపు. కురిసిన నీరు దానంతటది పోదు. మురుగు కాలువలు సముద్రంలోకి లాగాలి, సముద్రం పోటు మీదుంటే అవీ లాగవు. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్ పక్క వీధులు చూడబోతే మాత్రం వాన రోజునే చూడండి. ఇంకో సంగతి, రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు మీదే ఇంకో పొర వేస్తారు. అలా రెండు మూడుసార్లు అయ్యేసరికి ఒకప్పుడు మెరకగా ఉన్న ఇల్లు పల్లమైపోతుంది. అందుకని గేటు దగ్గర నిలబడి, రోడ్డు నుంచి ఇంట్లోకి మెట్లు ఎక్కుతున్నామా దిగుతున్నామా చూసుకోండి. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దావిణ్ణి "తొంభయ్యారు తుఫానుకి నీళ్లు ఎందాకా వచ్చాయమ్మా" అని అడగండి. 1996 నవంబరు నాటి ఆ తుఫాను ఈ వైపు ఎవరూ మరిచిపోలేదు. బ్రోకరు చెప్పనివన్నీ ఆవిడ చెబుతుంది. చెప్పే ముందు మీరెవరి తాలూకు, ఏమిట్లు (ఏ కులం), మీ ఆవిడ ఏ ఊరు అని అడిగి తెలుసుకుంటుంది, అది వేరే సంగతి. గోదావరి ఒడ్డున ఇల్లు అంటూ ఎవరైనా ఊరిస్తే, అది వరదను ఆపే ఏటిగట్టుకి ఇవతలా, అవతలా అన్నది మొదటి ప్రశ్న. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, నది మధ్యనున్న లంకల్లో జనం పడవల మీద తిరిగారు.

నల్లరేగడి నేలల్లో కట్టిన ఇళ్లకు కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తుంటాయి. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంగే నేల అది. కొత్త లేఅవుట్లయితే నిన్నమొన్నటి వరిచేలో ఇసుక తోలి మెరక చేసినవే ఎక్కువ. రెండు మూడు వానాకాలాలు తిని సర్దుకున్నాక కట్టారా, తోలిన ఏడాదే కట్టేశారా కనుక్కోండి. కట్టి పదేళ్లయిన ఇంటికే నా ఓటు. రావాల్సిన పగుళ్లు ఈపాటికి వచ్చేసి ఉంటాయి.

కొబ్బరితోటలో చిన్న ఇల్లు అన్న ముచ్చట కూడా రాశారు. మీరు అక్కడుండగా అది కుదరదండి. ఎన్నారైలు, ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు) ఇల్లు, ఇంటి స్థలం, షాపు కొనుక్కోవచ్చు, దానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి కూడా అక్కర్లేదు. పొలం, తోట, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. "మా బావమరిది పేరున కొనండి, తర్వాత చూసుకుందాం" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నవ్వి ఊరుకోండి.

డబ్బు ఎన్నారైలకు ఇక్కడి బ్యాంకుల్లో ఉండే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల నుంచో, అక్కడి నుంచి నేరుగా బ్యాంకు ద్వారానో పంపాలి. "సగం వైటు, సగం బ్లాకు" అని అడగని అమ్మకందారు ఇక్కడ అరుదు. ఒప్పుకోవద్దు. ఆస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం. పైగా రేపు మీరు ఇల్లు అమ్మి డబ్బు తీసుకెళ్లాలంటే లెక్కలో ఉన్నదే లెక్క. అమ్మేవారు ఇక్కడుండేవారైతే, 50 లక్షలు, ఆపైన ధరకి మీరు అమ్మేవారికిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు కూడా ఎన్నారై అయితే, ఈ జిల్లాల్లో అలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి, ఆ 50 లక్షల హద్దు లేదు, పట్టుకోవాల్సింది కూడా బాగా ఎక్కువ. బయానా ఇవ్వక ముందే ఒక ఆడిటర్ని కలవండి. రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంపు డ్యూటీ, మిగతావి కలిపి సుమారు 7.5 శాతం వేసుకోండి.

కాగితాల్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు దస్తావేజులు (పాత అమ్మకాల కాగితాలు), 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులది) చూడమని అందరూ చెప్పారు. నేను చెప్పేది ఆడపిల్లల సంతకాల గురించి. పిత్రార్జితమైన ఇంటిని అన్నదమ్ములు ముగ్గురూ కలిసి అమ్ముతున్నారంటే, అక్కచెల్లెళ్లు ఉన్నారా అని అడగండి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇస్తూ మన రాష్ట్రంలో 1985 నుంచే చట్టం ఉంది, 2005లో దేశమంతా వచ్చింది. "దానికి పెళ్లప్పుడే ఇచ్చేశామండి" అన్న మాట కోర్టులో నిలవదు. అందరి సంతకాలూ పడితేనే డబ్బు. కాలువ గట్టు మీది ఇళ్లు చవగ్గా వస్తాయి, చాలావరకు పోరంబోకు (ప్రభుత్వ స్థలం), చూడనే వద్దు.

రిజిస్ట్రేషన్‌కి మీరు రాలేకపోతే, ఈ ఒక్క ఇంటికే పనికొచ్చేలా మీ తరఫున సంతకం చేసేవారికి స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి, అక్కడ మన కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి పంపండి. అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. అంతేగానీ, అమ్మేవారు "జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిస్తాం, రిజిస్ట్రేషన్ తర్వాత" అంటే వెళ్లిపోండి. జీపీఏతో ఇల్లు మీదవదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇన్ని చెప్పినా, వచ్చీరాగానే కొనకండి. ఏడాదిపాటు అద్దెకుండండి, అమ్మగారికి పడుతుందో లేదో తెలుస్తుంది. దోమలు విపరీతం. మామూలు జబ్బులకు ఊళ్లోనే డాక్టర్లున్నారు. పెద్ద ఆపదంటే రాజమండ్రో విజయవాడో పరిగెత్తాలి, కాబట్టి రాత్రిపూట కారు తీసే మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోవాలి. అమలాపురం కూడా చూస్తానన్నారు, దానికి ఇప్పటికీ రైలు లేదు.

కొన్నాక పన్ను పేరు మార్పు, కరెంటు మీటరు పేరు మార్పు ఆ వారంలోనే, మీరు ఇక్కడుండగానే పెట్టించెయ్యండి. ఫ్లైటెక్కేశారంటే ఆ పని ఇంకెవరూ చెయ్యరు.