కింద చుక్క పడట్లేదు, కూలెంట్ మాత్రం తగ్గిపోతోంది

అనంతపురం పిల్లోడు (కేఆర్ పురం, బెంగళూరు)

అన్నలూ, నాది 2014 డీజిల్ హ్యాచ్‌బ్యాక్. కూలెంట్ డబ్బాలో పై గీత దాకా పోసి పెడితే, నెల తిరక్కుండానే కింది గీత దాటి పోతోంది. బేస్‌మెంట్‌లో రాత్రంతా బండి కింద అట్ట పరిచి చూశా, తెల్లారేసరికి పొడిగానే ఉంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడ్డా టెంపరేచర్ ముల్లు సగం దాటదు. ఇంటి దగ్గర మెకానిక్ బానెట్ ఎత్తి ఒక చూపు చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలి, నలభై వేలవుతుంది" అన్నాడు (ఇంజిన్ పై భాగం హెడ్‌కీ, కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలట అది). మా మామయ్య లారీల కాలం మనిషి, రేడియేటర్‌లో ఇంత పసుపు పోస్తే అదే పూడుకుంటుందంటారు. వచ్చే నెల చంటిపిల్లతో ఊరికి పోవాలి, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

బనశంకరి బాబు

ముందు డబ్బా మూత మార్చు బ్రో. దాంతోనే పోవచ్చు.

పలమనేరు మామ

మూత మాట నిజమే గానీ, చూడకుండా ఏదీ మార్చొద్దు తమ్ముడూ. బానెట్ ఎత్తి ఒక్క చూపుతో గ్యాస్కెట్ అని తేల్చినాయనకు మాత్రం హెడ్ అప్పగించొద్దు.

కింద తడి లేదంటే లీకు లేదని కాదు. బండి నడిచేటప్పుడు లోపల ఒత్తిడి ఉంటుంది, కారిన చుక్క వేడి ఇంజిన్ మీదే ఆవిరైపోతుంది. నీళ్లు పోయినా మరక పోదు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టార్చ్ పట్టుకుని హోస్‌ల చివర్లు, క్లిప్పులు, రేడియేటర్‌లో ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంకి కలిసే అంచు, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) చుట్టూ చూడు. తెల్లగానో, కూలెంట్ రంగులోనో ఉప్పు పేరుకున్నట్టు కనిపిస్తే దొంగ దొరికినట్టే. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉండి, అద్దం లోపలివైపు జిడ్డుగా మసకబారుతుంటే హీటర్ కోర్‌ని, అంటే డ్యాష్‌బోర్డు వెనక హీటర్‌కుండే చిన్న రేడియేటర్‌ని, అనుమానించాలి.

గ్యాస్కెట్ అయితే దాని గుర్తులు వేరే. పొద్దున స్టార్ట్ చేయగానే డబ్బాలో ఆగకుండా బుడగలు రావడం, ఇంజిన్ ఇంకా వేడెక్కకముందే పై హోస్ రాయిలా బిగుసుకోవడం, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలు కలిపిన టీలా మారడం. ఆయిల్ మూత కింద మాత్రమే కొంచెం తెల్లటి నురగ ఉంటే కంగారు పడకు. బెంగళూరు చలికాలంలో దగ్గర దగ్గర తిరిగే బళ్లకు తేమ వల్ల కూడా అలా వస్తుంది.

అసలు పరీక్ష ప్రెషర్ టెస్ట్. చల్లని ఇంజిన్ మీద మూత తీసి, చేతి పంపున్న గేజ్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా మాత్రమే కొట్టి పావుగంట వదిలేస్తారు. 1.1 అని ఉంటే 1.1 బారే, అంతకు మించకూడదు. ముల్లు పడితే లీకున్నట్టు. వేడి లేదు కాబట్టి ఆవిరైపోదు, చుక్క కంటికి కనబడుతుంది. మూతను కూడా అదే గేజ్‌తో పరీక్షించమను. ఇక్కడ ఎత్తు వల్ల నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఒత్తిడి నిలిస్తేనే ఆ మరుగు 120 దరిదాపులకు పోతుంది. అందుకే మూతకు అంత విలువ.

పసుపు పాత లారీలకు సరే మామయ్యగారూ, వీటి సన్నటి గొట్టాలకు వద్దు. లీకు ఆపే పొడులూ అంతే, హీటర్ కోర్ పూడుకుపోతుంది.

అనంతపురం పిల్లోడు

మామా, వేరే షెడ్డులో టెస్ట్ చేయించా. బుడగల్లేవు, ఆయిల్ శుభ్రం, మూత బాగానే ఉంది. గేజ్ ముల్లు మాత్రం మెల్లగా దిగింది, టైమింగ్ కవర్ (ఇంజిన్ పక్కన టైమింగ్ బెల్టును కప్పే మూత) కింది మూల నుంచి చుక్కలు పడ్డాయి! వాటర్ పంపు సీలు పోయిందట. పంపు ఒక్కటే మారిస్తే చాలా?

పలమనేరు మామ

చాలదు. నీ బండిలో పంపును తిప్పేది టైమింగ్ బెల్టే కదా (పిస్టన్లూ వాల్వులూ లయ తప్పకుండా నడిపే బెల్టు), కూలెంట్ తగిలిన బెల్టును మళ్లీ ఎక్కించొద్దు. అది తెగితే పిస్టన్లు వాల్వులకు గుద్దుకుంటాయి, అప్పుడు నలభై వేలు కూడా సరిపోవు. బెల్టు, దాన్ని బిగువుగా, దారిలో ఉంచే టెన్షనర్, ఐడ్లర్ చక్రాలు, పంపు ఒకేసారి వేయించు. ఎలాగూ విప్పుతున్నారు, కూలీ ఒక్కసారే. సామాన్లు జేసీ రోడ్డులో అడుగు, కానీ పంపు నంబరు సరిచూసుకుని కొను.

కూలెంట్‌ను రంగు చూసి కొనొద్దు, మాన్యువల్‌లో ఉన్న రకమే పోయించు. కలిపి అమ్మేది కాకపోతే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం కడుతుంది. నింపాక హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి ఇంజిన్ నడిపి గాలి తీయమను. చల్లారాక మళ్లీ లెవెల్ చూసుకో.

బనశంకరి బాబు

పాత కూలెంట్ షెడ్డు ముందు పారబోయనీయకు బ్రో. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం.

అనంతపురం పిల్లోడు

క్యాన్‌లో పట్టమని చెప్తా. శనివారం బండి ఇస్తున్నా, బిల్లు వచ్చాక ఇక్కడే రాస్తా.