ఓఆర్‌ఆర్ అవతలి గ్రామాల్లో ఎవరి బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న:
హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఉన్న ఒక గ్రామ పంచాయతీలో, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న లేఅవుట్‌లో మేము ఇల్లు కట్టుకున్నాము. లోపలి రోడ్లు బాగానే ఉన్నాయి గానీ, మురుగు కాలువ ప్రహరీ దగ్గరే ఆగిపోవడంతో వాన పడినప్పుడల్లా ఆ నీరంతా పక్కనున్న కుంటలో కలుస్తోంది. ఈ మధ్య ఆ కుంట అంచున మట్టి పోసి చదును చేయడం కూడా మొదలైంది. అనుమతి ఇచ్చేది ఒకరు, పన్ను వసూలు చేసేది ఒకరు, చెరువులను చూసేది వేరొకరు అయినప్పుడు అర్జీ ముందుగా ఎవరికి పెట్టాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
హెచ్‌ఎండీఏ ప్రణాళికా సంస్థే తప్ప పురపాలక సంస్థ కాదండి. 1975 నాటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థను (హుడా), విమానాశ్రయ, సైబరాబాద్ అభివృద్ధి సంస్థలను, బుద్ధపూర్ణిమ ప్రాజెక్టు అథారిటీని కలిపి 2008లో దీనిని ఏర్పాటు చేశారు. మాస్టర్ ప్లాన్, లేఅవుట్ అనుమతులు దాని పని. చెత్త, వీధి దీపాలు, ఇంటి పన్ను పంచాయతీవి. మీ విషయంలో ముందుగా తేల్చుకోవలసింది ఆ లేఅవుట్‌కు తుది ఆమోదం వచ్చిందా లేదా అన్నది. ప్రాథమిక ఆమోదం ఇచ్చేటప్పుడు 15 శాతం ప్లాట్లను డెవలపర్ చేత తనఖా పెట్టించుకుంటారు. రోడ్లు, కాలువలు పూర్తయ్యాయని తనిఖీలో తేలిన తరువాతే వాటిని విడుదల చేస్తారు. రోడ్లు, పార్కు స్థలాలు గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు చేరతాయి. తనఖా ఇంకా ఉన్నట్లయితే కాలువ పూర్తి చేయించడానికి మీకున్న గట్టి పట్టు అదే. ఆ సర్వే నంబరుకు ఈసీ (ఆస్తిపై ఉన్న లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) తీయిస్తే తనఖా సంగతి తెలిసిపోతుంది.

జవాబు 2:
కుంట విషయం వేరుగా చూడాలి. చెరువుల ఆక్రమణలను అడ్డుకోవడానికి 2024లో వచ్చిన హైడ్రా సంస్థ పరిధి ఓఆర్‌ఆర్ వరకే కనుక, మీ ఊరికి అది వర్తించదు. మీరు వెళ్లవలసింది తహసీల్దారు దగ్గరికి, నీటిపారుదల శాఖ ఇంజనీరు దగ్గరికి. హెచ్‌ఎండీఏ పరిధిలోని చెరువులకు ఆ సంస్థ కమిషనర్ నేతృత్వంలో పరిరక్షణ కమిటీ కూడా ఉంది. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మట్టం) హద్దు నోటిఫై అయిందో లేదో వారి దగ్గర తెలుసుకోండి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లకు తగ్గని చెరువు చుట్టూ 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా, అంటే కట్టడాలు లేని ఖాళీ జాగాగా, వదలాలి. మట్టి పోసిన చోటు ఈ హద్దుల లోపల ఉందని సర్వేలో తేలితే, ఆ భూమి పట్టాదే అయినా కట్టడానికి వీలుండదు.

జవాబు 3:
పై ఇద్దరూ చెప్పినది సరైనదే, అయితే అసలు లోటు ఇంకాస్త పైన ఉందని నా అభిప్రాయం. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243జెడ్‌ఈ అధికరణం ప్రకారం, ప్రతి మహానగర ప్రాంతానికీ ఉండవలసిన ప్రణాళికా కమిటీలో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులను పురపాలక సంఘాల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలో నుంచి ఎన్నుకోవాలి. హెచ్‌ఎండీఏ అలాంటిది కాదు. దానికి ముఖ్యమంత్రి అధ్యక్షులు, పాలన కమిషనర్ చేతిలో ఉంటుంది. సుమారు 7,257 చదరపు కిలోమీటర్ల పరిధి 2025లో పది వేలు దాటింది. ఊరి కాలువ ఎటు పారాలో చెప్పే అవకాశం సర్పంచుకు లేకుండా, పరిధిని మాత్రం రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచడం న్యాయం కాదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈసీకి ఈ వారమే దరఖాస్తు చేస్తాము. అర్జీ ఎవరి పేరుతో ఉంటే మంచిది?

జవాబు 1:
కాలనీ సంఘం రిజిస్టర్ అయి ఉంటే దాని పేరుతోనే పెట్టండి. కాలువకు, కుంటకు రెండు వేర్వేరు అర్జీలు రాసి, మొదటిదానిలో లేఅవుట్ ఎల్‌పీ (అనుమతి) నంబరు, రెండవదానిలో కుంట సర్వే నంబరు తప్పక పేర్కొనండి. ప్రతులను సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో కూడా ఇచ్చి రసీదు తీసుకోండి.