నీరు సురక్షితమని ప్రకటిస్తే ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న (సింగ్‌నగర్, విజయవాడ): 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీసిన తరువాత కుళాయి నీరు బాగానే ఉందని మా వీధిలో మైకులో చెప్పారు గానీ, బిందెలో పట్టిన నీరు బురద వాసన కొట్టడంతో ఎవరూ నోట పోసుకోలేదు. ఇకపై అధికారులు నిజం చెప్పినా జనం వింటారా?

జవాబు (పాతగుంటూరు): 2018 మార్చిలో ఆనందపేటలో తాగునీటి గొట్టాల్లో మురుగు కలిసి అతిసారం ప్రబలి, ప్రాణాలు పోయాయి. నాటి నుంచి మా వైపు చాలామంది క్యాన్ నీళ్లకే అలవాటు పడ్డారు. ఆ క్యాన్లను ఎవరు పరీక్షిస్తున్నారో అడిగేవారు మాత్రం లేరు!

జవాబు (విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు, గుంటూరు): మాట కంటే కొలత మేలండీ. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరిన్‌ను గుర్తించే ఆర్థోటాలిడిన్ అనే ద్రావణం చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. ట్యాంకు వద్ద కాక, లైను చివరి ఇంట్లో అందరి ఎదుట ఈ పరీక్ష చేయమని సచివాలయ సిబ్బందిని అడగండి.

జవాబు (బెంజిసర్కిల్): సలహా మారడమే అబద్ధం కాదు. మాస్కుల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లో తన సూచనను మార్చుకుంది. ఎందుకు మార్చారో సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పకపోతేనే అనుమానం పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు: చివరి ఇల్లు మాదేనండీ. రేపే అడుగుతాను, అంతవరకు నీరు కాచే తాగుతాము.