‘న్యూక్లియేషన్’కి ఏ మాట వాడదాం?

యాక్రిలిక్ లేటెక్స్ (నీళ్లలో సన్నని పాలిమర్ రేణువులు తేలే ద్రవం) తయారీ మీద తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ‘పార్టికల్ న్యూక్లియేషన్’ (ఆ రేణువులు కొత్తగా పుట్టడం) దగ్గర కలం ఆగింది. ‘కేంద్రకీకరణం’ అంటే చదివేవాళ్లకు పరమాణు కేంద్రకమే గుర్తొస్తోంది. ‘బీజీకరణం’ ఎలా ఉంటుందండీ?

— బీజం వద్దండీ. ఆ మాట మీకు ఇదే పాఠంలో ఇంకోచోట కావాలి. సీడెడ్ పాలిమరైజేషన్‌లో ముందే తయారైన చిన్న రేణువులను రియాక్టర్‌లో వేసి, వాటినే పెంచుతారు. కొత్తవి పుట్టకూడదనే ఆ ఏర్పాటంతా. వాటిని బీజాలు అనక తప్పదు. అప్పుడు ‘బీజీకరణం జరగకుండా బీజాలు వేస్తారు’ అని రాయాల్సి వస్తుంది!

నా ఓటు ‘రేణుజననం’కి. (కణం అంటే జీవశాస్త్రం వాళ్లు ఊరుకోరు.) రేణువు ఎక్కడ పుట్టిందో ఈ మాట ముందే తేల్చేయదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. 1947లో హార్కిన్స్, 1948లో స్మిత్, ఎవర్ట్ అనే శాస్త్రవేత్తలు చెప్పినదాని ప్రకారం పుట్టేచోటు మైసెల్, అంటే సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) అణువులు గుంపుకట్టిన, కొన్ని నానోమీటర్ల ఉండ. నీళ్లలో తయారైన రాడికల్ (గొలుసు కట్టడం మొదలుపెట్టే చురుకైన అణుముక్క) దాంట్లోకి దూరితే రేణువు మొదలైనట్టే. మోనోమర్ (పాలిమర్ గొలుసుగా కలిసే చిన్న అణువుల ముడిసరుకు) బొట్లు మైక్రాన్ల సైజులో ఉన్నా, సంఖ్యలో మైసెల్స్ ముందు ఏ మూలకూ చాలవు. అన్నిటి ఉపరితలం కలిపినా తక్కువే కాబట్టి రాడికల్ వాటికి చిక్కడం అరుదు. అవి ఉత్త గోదాములు. స్టైరీన్ అనే మోనోమర్‌కి ఈ లెక్క బాగానే కుదిరింది: రేణువుల సంఖ్య సర్ఫాక్టెంట్ గాఢతకు 0.6 ఘాతంగా, ఇనిషియేటర్ (రాడికల్స్‌ని ఇచ్చే పదార్థం) గాఢతకు 0.4 ఘాతంగా పెరుగుతుంది.

యాక్రిలిక్స్‌తో అలా కాదు. మిథైల్ మెథాక్రిలేట్ అనే యాక్రిలిక్ మోనోమర్ నీళ్లలో సుమారు 1.5 శాతం కరుగుతుంది, స్టైరీన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గొలుసు నీళ్లలోనే పెరిగి, ఒక పొడవు దాటాక కరిగి ఉండలేక ముడుచుకుపోతుంది. సర్ఫాక్టెంట్ వచ్చి దాని చుట్టూ చేరుతుంది. మైసెల్ ఒక్కటీ లేకపోయినా రేణువు పుట్టిందన్నమాట. సర్ఫాక్టెంట్ చాలకపోతే ఆ పసి రేణువులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. పుట్టినన్నీ చివరిదాకా మిగలవు. మీ పాఠంలో ‘జననం’, ‘కలయిక’ వేరువేరుగా చెప్పండి.

— బాగుందండీ. మరి ఇలా మైసెల్ లేకుండా నీళ్లలోనే పుట్టడాన్ని అనే ‘హోమోజీనియస్ న్యూక్లియేషన్’? ‘సజాతీయ రేణుజననం’ అనొచ్చా?

— తప్పు లేదు గానీ, ఏమీ బోధపడదు. ‘మైసెల్‌లో రేణుజననం’, ‘నీటిలో రేణుజననం’ అనండి, చాలు.