కొత్త రూటర్‌లో సెటప్ డైలాగ్‌కు ‘యెస్’ అనవచ్చా?

రాత్రిపాళీ:
కొత్త సిస్కో రూటర్‌కు కన్సోల్ కేబుల్ (రూటర్‌ను నేరుగా కంప్యూటర్‌కు కలిపేది) తగిలించి, పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాంలో 9600 వేగం పెట్టి తెరిస్తే, ప్రారంభ కాన్ఫిగరేషన్ డైలాగ్‌లోకి వెళ్తారా అని అడుగుతుంది. మా సీనియర్లు ‘నో’ అని కమాండ్లే టైప్ చేయాలంటారు. వరసగా అడిగే ప్రశ్నలకు జవాబిస్తే అయ్యే పనికి ఇంత పట్టింపు దేనికి?

గోదావరి_నెట్:
సీనియర్లు చెప్పిందే సరైన పద్ధతి. ఆ డైలాగ్ హోస్ట్‌నేమ్, ఎనేబుల్ సీక్రెట్ (సెట్టింగులు మార్చే ఎనేబుల్ మోడ్‌కు పాస్‌వర్డ్), వర్చువల్ టెర్మినల్ పాస్‌వర్డ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ కావడానికి) వంటివి అడిగి, ఒక ఇంటర్‌ఫేస్‌కు ఐపీ అడ్రసు ఇప్పించి ముగుస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు, అంటే దూరం నుంచి భద్రంగా లాగిన్ కావడానికి, కావలసిన కీలను అది తయారు చేయదు. పైగా టెర్మినల్ పాస్‌వర్డ్ కాన్ఫిగరేషన్‌లో ఉన్నది ఉన్నట్టు కనబడుతుంది.

కొత్తపోర్ట్:
సర్వీస్ పాస్‌వర్డ్-ఎన్‌క్రిప్షన్ కమాండు ఇస్తే కనబడదు కదండీ.

గోదావరి_నెట్:
ఆ కమాండు పాస్‌వర్డ్‌ను మార్చి రాసే పద్ధతి టైప్ 7; దాన్ని క్షణాల్లో వెనక్కి విప్పవచ్చు. అది రక్షణ కిందికి రాదు.

మెట్టపొలం:
మీరు పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోయారు. జిల్లా శాఖలో రూటర్ కాలిపోయి కొత్తది పెట్టవలసి వస్తే అక్కడ ఉండేది గుమాస్తా. నేను పనిచేసిన ఒక సంస్థలో, ఇంజినీరు వచ్చేదాకా కేబుల్ ముట్టుకోవద్దని హెడ్డాఫీసువారు పట్టుబట్టడంతో, కౌంటరు ముందు జనం నిలబడి ఉండగానే మధ్యాహ్నం దాకా లింకు లేదు. తిట్లన్నీ ఆ గుమాస్తానే పడ్డాడు. డైలాగ్ అయితే ఫోనులో చెప్పి చేయించవచ్చు. చివర అది చూపే మూడు ఎంపికల్లో 2 నొక్కితే కాన్ఫిగరేషన్ ఎన్‌వీర్యామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో, సేవ్ అవుతుంది. కమాండ్లతో చేసినవారు రన్నింగ్-కాన్ఫిగ్‌ను (ఇప్పుడు నడుస్తున్నది) స్టార్టప్-కాన్ఫిగ్‌లోకి (ఆన్ అయినప్పుడు చదివేది) కాపీ చేయడం మరిచిపోతే, కరెంటు పోగానే చేసినదంతా పోతుంది.

గోదావరి_నెట్:
మేము వాడే మోడళ్ళలో ఆ డైలాగ్‌లోని బేసిక్ సెటప్ డిఫాల్ట్ రూటు (బయటి నెట్‌వర్క్‌లకు వెళ్ళే దారి) అడగదు. అది లేనప్పుడు వేరే సబ్‌నెట్‌లో, అంటే వేరే నెట్‌వర్క్ భాగంలో, ఉన్న హెడ్డాఫీసు నుంచి ఆ రూటర్‌ను ఎవరు చేరుకోగలరు? తెలియనివారి చేత సగం పని చేయించి మిగతాది మా నెత్తిన వేస్తారు.

మెట్టపొలం:
‘తెలియనివారు’ అన్నారు చూడండి, అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. మీ అభ్యంతరం డైలాగ్ మీద కాదు, శాఖలోని మనిషి కన్సోల్ ముందు కూర్చోవడం మీద.

గోదావరి_నెట్:
అవును, అక్కడే నా అభ్యంతరం. కన్సోల్ చేతిలో ఉన్నవాడు రూటర్‌ను ఆపి, మళ్ళీ ఆన్ అవుతుండగా కీబోర్డు నుంచి బ్రేక్ సంకేతం పంపి, కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌ను 2142 చేస్తే (అప్పుడు సేవ్ చేసిన కాన్ఫిగరేషన్‌ను రూటర్ చదవదు) పాత పాస్‌వర్డ్‌లన్నీ దాటిపోతాడు. అందుకే ఆ పోర్టు అందరికీ అప్పగించేది కాదంటున్నాను.

మెట్టపొలం:
ఆ మనిషి ఇప్పటికే ఆ రూటర్ పక్కన ఉన్నాడండీ. చెడు తలపెట్టినవాడిని మీ ‘నో’ ఆపలేదు, పని నిలబెట్టాలనుకునేవాడిని మాత్రం ఆపుతుంది. నేర్పవలసినవాడిని అనుమానిస్తున్నారు.

రాత్రిపాళీ:
కాన్ఫిగరేషన్ అంతా ముందే నోట్‌ప్యాడ్‌లో రాసి పంపితే, శాఖవారు ‘నో’ అని, ఎనేబుల్ మోడ్‌లోకి వెళ్ళి పేస్ట్ చేస్తే సరిపోదా?

గోదావరి_నెట్:
దానికి ఒప్పుకుంటాను. 9600 వేగంలో ఒకేసారి పెద్ద ఫైలు పేస్ట్ చేస్తే అక్షరాలు ఎగిరిపోవచ్చు, కొద్ది కొద్దిగా వేయమనండి. ఎనేబుల్ సీక్రెట్ మాత్రం అందులో ఉండకూడదు.

మెట్టపొలం:
సీక్రెట్ వారికి చెప్పకపోతే, అర్ధరాత్రి లింకు పడినప్పుడు ఇంటర్‌ఫేస్ స్థితి చూడగలరేమో గానీ, దాన్ని నో షట్‌డౌన్ చేయడానికి, అంటే మళ్ళీ ఆన్ చేయడానికి, కూడా మీ ఫోను కోసం కాచుకోవాలి. దీనికి ముందు జవాబు చెప్పండి.