స్పాన్సర్ చేసిన కంపెనీకే వీసాను ముడిపెట్టడం సబబేనా?

బాటసారి:
సూటిగా అడుగుతున్నా. అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బికి పిటిషన్ వేసేది కంపెనీ, దాని మీద బతికేది మనం. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. ఇది అనుమతా, మెడలో పలుపా?

లెక్కలమాస్టారు:
పలుపు అనేశారు గానీ, విప్పుకునే దారి 2000లోనే చట్టంలో పెట్టారు. కొత్త కంపెనీ ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేశాక, అప్రూవల్ కోసం ఆగకుండానే పనిలో చేరొచ్చు. పాత కంపెనీని అడగక్కర్లేదు. బ్రిటన్‌లో అలా కాదు. కొత్త స్పాన్సర్ సర్టిఫికెట్ ఇవ్వాలి, మళ్లీ దరఖాస్తు పెట్టాలి, అది వచ్చేదాకా కొత్త ఉద్యోగం మొదలుపెట్టకూడదు. ఇక కంపెనీ బాధ కూడా చూడండి. ఆ పనికి అక్కడ నడిచే జీతం కంటే తక్కువ ఇవ్వబోమని కార్మిక శాఖకు రాసివ్వాలి, ఫీజులు కట్టాలి, ఇంతా చేసి ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. లాటరీలో పేరొస్తేనే మనిషి దక్కేది. వాడు నాలుగు రోజులు నిలవాలనుకోవడం తప్పా?

గోడమీదపిల్లి:
మాస్టారూ, చట్టం సరే. నా మొదటి కన్సల్టెన్సీ పిటిషన్ లాయర్ ఫీజుని నా జీతంలోంచే మూడు నెలలు కోసింది. అది కంపెనీయే భరించాలని అప్పట్లో నాకు తెలీదు. ప్రాజెక్టు అయిపోయాక రెండు నెలలు బెంచ్, అంటే పని లేకుండా ఖాళీగా కూర్చోవడం, పైసా లేదు. బెంచ్ మీదున్నా జీతం ఇవ్వాలట, అదీ తర్వాతే తెలిసింది. అసలు మెలిక ఇక్కడుంది: ట్రాన్స్‌ఫర్‌కి వెళ్తే కొత్త లాయరు మొదట అడిగింది పే స్లిప్పులు. జీతమే ఇవ్వనివాడు స్లిప్పు ఎలా ఇస్తాడు? వెళ్లిపోయే హక్కు నాది, దానికి కావాల్సిన కాగితం వాడిది.

లెక్కలమాస్టారు:
అది ఆ కంపెనీ దొంగతనం, పద్ధతి తప్పు కాదు. కార్మిక శాఖకు డబ్ల్యూహెచ్-4 అనే ఫిర్యాదు ఫారం వేసుంటే బాకీ జీతం రాబట్టేవాళ్లు. ఫిర్యాదు చేశారని కక్ష సాధించడమూ చట్టవిరుద్ధమే. పే స్లిప్పుల లోటుకు కారణమదేనని చూపిస్తే ఇమిగ్రేషన్ వాళ్లు పరిగణనలోకి తీసుకునే వీలుంది.

బాటసారి:
వీలుంది, హామీ లేదు. ఈ లోపు రోజులు ఆగవు కదా. స్పాన్సర్‌షిప్ ఎత్తేయమనట్లేదు నేను. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి 60 రోజుల్ని 180 చేసింది, వెతుక్కుంటున్నన్నాళ్లూ వేరేచోట పని చేసుకోనిస్తుంది. అక్కడి కంపెనీలేమీ మూతబడలేదు.

లెక్కలమాస్టారు:
రోజులు పెంచడం వరకైతే నాకూ అభ్యంతరం లేదు. కానీ వచ్చిన నెలకే ఎగిరిపోయే వెసులుబాటు ఇస్తే కొత్తవాళ్లని ఎవడు తెస్తాడు?

గోడమీదపిల్లి:
డబ్ల్యూహెచ్-4 ఎన్నాళ్లలోపు వేయాలి మాస్టారూ?

లెక్కలమాస్టారు:
తప్పు జరిగిన 12 నెలల్లోపు.

గోడమీదపిల్లి:
నాది జరిగి నాలుగేళ్లు.