కాంక్రీటు మీద షటిల్ కోర్టు: అడుగున ఏం వేయించాలి?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. మా అమలాపురం షటిల్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ పుణ్యమా అని పిల్లలంతా షటిల్ బాట పట్టారు. పాత కొబ్బరి గోడౌన్‌లో కోర్టు వేస్తున్నాం. నేల గట్టి కాంక్రీటు. ఎగిరి స్మాష్ కొట్టి దిగితే మోకాళ్ళు పట్టేస్తున్నాయని గోల.

ఫోమ్ అడుగున్న వినైల్ మ్యాట్ నేరుగా పరిచేయాలా, లేక రబ్బరు ప్యాడ్ల మీద చెక్క ఫ్రేము, ప్లైవుడ్ వేసి ఆపైన మ్యాటా? ఇండోర్ ఆటల నేలలకున్న యూరప్ ప్రమాణం ఈఎన్ 14904 ప్రకారం దెబ్బలో కనీసం 25 శాతం నేలే పీల్చుకోవాలి. ఆ టెస్టు రిపోర్టు అడిగితే అమ్మేవాళ్ళు మాట మార్చేస్తున్నారు.

అసలు భయం చెమ్మతోనే. పక్కనే పంట కాలవ. వానాకాలంలో పరిచిన గోనెసంచి తెల్లారేసరికి అడుగున తడిసిపోతుంది. కింద మందపాటి ప్లాస్టిక్ షీటు వేస్తే సరిపోతుందా, ప్లైవుడ్ ఉబ్బిపోతుందా? మన డెల్టాలో వేయించినవాళ్ళెవరైనా ఉంటే కాస్త చెబుదురూ.